నెత్తురులో మనోవ్యాధి జాడ

మనోవ్యాధికి నెత్తురులో ఆనవాలు దొరుకుతుందన్న నమ్మకానికి తొలి బలం సవాయి అని తెలుగువారు పిలిచిన సిఫిలిస్ నుంచి వచ్చింది. 1906లో బెర్లిన్‌లో ఆగస్ట్ వాసర్‌మన్ బృందం ఆ వ్యాధిని పట్టే రక్తపరీక్షను రూపొందించగా, 1913లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో హిదేయో నొగూచి, మూర్ కలిసి, పక్షవాతంతో కూడిన ఒక రకం ఉన్మాదంతో మరణించినవారి మెదళ్లలో సిఫిలిస్ క్రిమిని చూపారు. పిచ్చాసుపత్రులను నింపిన ఒక ఉన్మాదం ఆ విధంగా క్రిమి వల్ల కలిగే శరీరవ్యాధిగా తేలడంతో, మిగిలిన మనోవ్యాధులు కూడా అదే దారిన బయటపడతాయని వైద్యులు ఆశించారు.

ఆ ఆశ ప్రధానంగా స్కిజోఫ్రేనియా మీద నిలిచింది. లేని మాటలు వినిపించడం, ఆలోచనలు చెదిరిపోవడం, మనిషి తనలోకి తాను ముడుచుకుపోవడం లక్షణాలుగా గల ఈ వ్యాధికి జ్యూరిక్ వైద్యుడు ఓయిగెన్ బ్లాయిలర్ 1908లో ఈ పేరు పెట్టారు. అంతకుముందు దీన్ని అకాల బుద్ధిక్షయంగా వర్ణించిన ఎమిల్ క్రేపెలిన్, శరీరంలోనే పుట్టే విషమేదో మెదడును చెరుస్తుందని ఊహించారు. ఆ విషం కోసం సాగిన వెతుకులాటలో 1950లలో న్యూ ఆర్లియన్స్‌లోని రాబర్ట్ హీత్, రోగుల రక్తం నుంచి తీసిన 'టారాక్సీన్' అనే పదార్థాన్ని జైలు ఖైదీలకు ఎక్కించి, వారిలో వ్యాధి లక్షణాలు కనిపించాయని ప్రకటించారు; ఆ ఫలితాన్ని ఇతరులు నమ్మకంగా పునరావృతం చేయలేకపోయారు, ఖైదీలతో అటువంటి ప్రయోగం చేయడం మాత్రం చరిత్రలో మచ్చగా మిగిలింది.

అంతకంటె ఎక్కువ నేర్పినది స్వీడన్ శాస్త్రవేత్త స్టిగ్ ఓకర్‌ఫెల్ట్ పరీక్ష. రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని సీరం అంటారు. దానికి ఒక రసాయనం కలిపితే రోగుల సీరం త్వరగా ఎరుపెక్కుతుందని ఆయన 1957లో ప్రకటించారు. సీరంలోని రాగి గల సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ వల్ల ఆ రంగు వస్తుంది, విటమిన్ సి దాన్ని ఆలస్యం చేస్తుంది. రోగుల ఆహారంలో విటమిన్ సి చేర్చగానే తేడా చాలావరకు మాయమైంది. అంటే పరీక్ష పసిగట్టినది ఉన్మాదాన్ని కాదు, ఆసుపత్రి వంటశాలలో పండ్లు, కూరగాయల కొరతను. అమెరికా శాస్త్రవేత్త సీమోర్ కెటీ 1959లో ఈ రంగమంతటినీ సమీక్షిస్తూ, ఏళ్ల తరబడి నిర్బంధం, నాసి తిండి, అంటురోగాలు, మందులు రక్తంలో వేసే ముద్రలను వ్యాధి ముద్రలుగా పొరబడుతున్నారని నిర్మొహమాటంగా చూపారు. మూత్రంలో దొరికిన కొన్ని ఆమ్లాలు సైతం రోగులు తాగిన కాఫీ నుంచి వచ్చినవేనని అదే కాలంలో బయటపడింది. మనోవైద్య చరిత్రలో కెటీ వ్యాసానికి దక్కవలసిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదని చెప్పక తప్పదు.

ఈ చిక్కును దాటే మార్గం వ్యాధి రాకముందు తీసిన రక్తంలో కనిపించింది. కాలిఫోర్నియాలో 1959-1966 మధ్య గర్భిణుల నుంచి సేకరించి అతిశీతల స్థితిలో దాచిన సీరాన్ని దశాబ్దాల తర్వాత పరీక్షించిన ఆలన్ బ్రౌన్ బృందం, పెద్దయ్యాక ఈ కోవ వ్యాధులకు గురైన బిడ్డల తల్లులలో, గర్భం రెండో త్రైమాసికంలో ఇంటర్‌ల్యూకిన్-8 సగటున ఎక్కువగా ఉందని 2004లో తెలిపింది. ఇది సైటోకైన్ల జాతిది. సూక్ష్మజీవులతోనో గాయంతోనో పోరాడే వాపు ప్రక్రియలో రక్షక కణాలు పరస్పరం పంపుకొనే సంకేత ప్రోటీన్లను ఆ పేరుతో పిలుస్తారు. తొమ్మిదేళ్ల వయసులో ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉన్న బ్రిస్టల్ ప్రాంతపు పిల్లలకు పద్దెనిమిదో ఏట భ్రాంతులవంటి అనుభవాల ముప్పు అధికమని 2014 నాటి అధ్యయనం చూపింది.

మెదడు పెరుగుదలకు తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను 1982లో పంది మెదడు నుంచి వేరుచేశారు. అది రోగుల రక్తంలో సగటున తక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. అయితే రక్తంలో దాని నిల్వ అధికభాగం, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలోనే ఉండడం వల్ల, నమూనాను ఎంతసేపు గడ్డకట్టనిచ్చారన్నదే కొలతను మార్చగలదు. వాపు సూచికలను పొగాకు, స్థూలకాయం పెంచుతాయి. కెటీ లేవనెత్తిన ప్రశ్న కొత్త పేర్లతో మళ్లీ ఎదురవుతున్నది. నేటికీ స్కిజోఫ్రేనియాను వైద్యులు నిర్ధారించేది రోగితో, ఇంటివారితో మాట్లాడి, నడవడిని గమనించి. రక్తం తీసేది థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 కొరత, సిఫిలిస్ వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికి.