రక్షకులపై విచారణ

కరము చెల్లించు ప్రజ ప్రతిఫలముగా రాజునుండి కోరునది రక్షణము. ఆ రక్షణమునకై నియమింపబడిన యుద్యోగియే పీడకుడైనచో మొర యెవరితో పెట్టుకొనవలెను? ఈ ప్రశ్నకు 1855వ సంవత్సరపు చెన్నపట్టణపు విచారణ కొంత ప్రత్యుత్తర మిచ్చుచున్నది.

1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషనుచే చెన్నరాజధానియందు పోలీసు అధికారము కలెక్టరుకును, అతని క్రింద తహశ్శీలుదారునకును సంక్రమించెను. శిస్తు వసూలు చేయువాడును, నేరస్థుని పట్టువాడును ఒక్కడే యయ్యెను. బాకీపడిన రైతును బంట్రోతు బాధించినచో, ఆ ఫిర్యాదును మొదట వినవలసినవాడు ఆ బంట్రోతును పంపిన తహశ్శీలుదారే. పీడనమును నిషేధించు చట్టము లేకపోలేదు. దానిని ప్రయోగింపగల చేయి పీడకునిదే యగుటచే నది కాగితముపైననే నిలిచెను.

ఈ స్థితిని బయటపెట్టిన వారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడగు గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన 1844లో 'క్రెసెంటు' పత్రికను, 1852లో చెన్నపట్టణ స్వదేశీయ సంఘమును స్థాపించెను. ఇంగ్లండు పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమరు 1853లో ఈ దేశమునకు రాగా, ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలలో రైతుల యవస్థను కన్నులార చూపించెను. 1854 జూలైలో కామన్సు సభయందు చర్చ జరిగెను. కంపెనీ పక్షమువారు లేదనిరి; కాని విచారణ తప్పలేదు.

ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను ముగ్గురితో సంఘ మేర్పడెను. రాజధానిలో నింకను రైలు నడువని కాలమది. అయినను 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి. 1,440 మంది వ్రాసి పంపిరి. మొత్తము 1,959 ఫిర్యాదులు. కొయ్యల నడుమ చేతులను బిగించి నొక్కుటయు, మెడను కాళ్లకు వంచి త్రాటితో కట్టి యుంచుటయు సామాన్యములని తేలెను. నివేదికలో వీనికి తెలుగు పేర్లుకూడ చేరినవి. వాడుకలో పేరు స్థిరపడిన దుష్కృత్యము ఏ యొకానొక దుర్మార్గుని యపరాధము మాత్రమే కానేరదు.

1855 ఏప్రిలులో వెలువడిన నివేదిక, శిస్తుకొఱకును నేరమును ఒప్పించుటకొఱకును హింస జరుగుచున్నదని యంగీకరించెను. సత్యమును దాచకుండుట ఆ సంఘముయొక్క గౌరవము. కాని దోషమునంతను దేశీయులగు చిన్నయుద్యోగులపై మోపి, పైనున్న యాంగ్లేయాధికారులను నిర్దోషులుగా విడుచుట దాని లోపము. వసూలైన సొమ్మును లెక్కించుకొని, అది యెట్లు వసూలైనదో యడుగని యధికారికి నీతిబాధ్యత లేదా? కొట్టినవాని తప్పు కంటికి కనబడును; అడుగనివాని తప్పు కనబడదు. అంతమాత్రమున నది తక్కువదికాదు.

విచారణ నిష్ఫలము కాలేదు. 1859వ సంవత్సరపు 24వ చట్టముచే పోలీసుశాఖ శిస్తువసూలునుండి వేఱుపడెను. పోలీసులయెదుట చేసిన నేరాంగీకారము ముద్దాయిపై సాక్ష్యము కాదను నియమము 1861లో నేరవిచారణస్మృతిలో చేరి, 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టమున నిలిచి, 2023వ సంవత్సరపు భారతీయ సాక్ష్యచట్టమునను కొనసాగుచున్నది. భటునిమాటపై శాసనమున కింతటి శంక యుండుటకు ఆ నాటి రైతుల దేహములే కారణములలో నొకటి. అయినను చిత్రహింసానిషేధపు టంతర్జాతీయ సమ్మతిపత్రముపై 1997లో సంతకము చేసిన మనదేశము దానిని ఇంకను ధ్రువీకరింపలేదు.

ఈ చరిత్ర మనకు నేర్పునవి రెండు. ఉద్యోగి ప్రవర్తనను విచారించువాడు అతని శాఖకు వెలుపలివాడై యుండవలెను. అంతకంటె ముఖ్యమైనది రెండవది. మన యింట దొంగతనము జరిగినప్పుడు, అనుమానింపబడిన సేవకుని ఠాణాలో కొట్టిరని విని "తగినశాస్తి" యని తృప్తిపడు గృహస్థులు నేటికిని కలరు. ఆ తృప్తియే భటుని చేతికి లాఠీకంటె బలమైన యాయుధము. చట్టము ఆతని చేతిని కొంత పట్టుకొనగలదు; మన మనస్సును మాత్రము మనమే పట్టుకొనవలెను.