చక్రం తిప్పిన చెయ్యి

పెట్రోలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఒక్కసారి చేత్తో తోసి వదిలితే ఖయామత్ దాకా తిరుగుతూనే ఉంటుంది! ఇలాంటి చక్రం గురించి బహస్ మొదలైతే మన దగ్గర రెండు జట్లు తయారవుతాయి. "ఇది మన భాస్కరాచార్యుడు ఎప్పుడో కనిపెట్టాడు" అంటుంది ఒక జట్టు. "కాదు భాయ్, అరబ్బు ఆలిములు కనిపెడితే ఫిరంగీలు చోరీ చేసుకున్నారు" అంటుంది ఇంకో జట్టు. రెండు మాటల్లోనూ కొంచెం తారీఖ్ ఉంది, బోలెడంత ఫఖర్ ఉంది. అసలు ఆ చక్రం తిరిగిందా అనే సవాల్ మాత్రం ఎవరి నోటా రాదు. నాకు ఆ సవాలే ముఖ్యం. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: తిరిగితే, తిప్పింది ఎవరు?

ముందు తారీఖ్ చూద్దాం. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో దానంతటదే తిరిగే చక్రం ప్రస్తావన ఉంది. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో, యంత్రాల అధ్యాయంలో, అదే ఖయాల్‌ని మళ్ళీ రాశాడు. తేలికపాటి చక్రం, లోపల గుల్లగా ఉన్న ఆకులు, ఒక్కో ఆకులో సగం దాకా పాదరసం. చక్రం కదిలితే ఒక పక్క పాదరసం అంచు వైపు జారుతుంది, ఇంకో పక్క ఇరుసు వైపు జారుతుంది. అంచున ఉన్న బరువు ఎక్కువ లాగుతుంది కాబట్టి చక్రం అటే తిరుగుతూ పోవాలి. వినడానికి ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉందో!

చిక్కల్లా తరాజులో ఉంది. ఇరుసుకి దూరంగా వెళ్ళి గట్టిగా లాగే పాదరసం ఒక పక్క తక్కువగా ఉంటుంది. దగ్గరగా ఉండి మెల్లగా లాగేది రెండో పక్క ఎక్కువగా ఉంటుంది. లెక్క సరిపోతుంది. పైగా బరువు కిందికి దిగేటప్పుడు ఎంత తాఖత్ ఇస్తుందో, పైకి ఎక్కేటప్పుడు అంతా తిరిగి అడుగుతుంది. ఇరుసు దగ్గర రాపిడి తన కమీషన్ తను తీసుకుంటుంది. చక్రం ఆగిపోతుంది. భాస్కరుడి వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఆయన దాన్ని ఖగోళ యంత్రాల వరసలో పెట్టాడు. దానితో పిండి మర ఆడిస్తానని దావా చేయలేదు.

రచయితల పేర్లు తెలియని అరబీ రాతప్రతుల్లో కూడా ఇలాంటి చక్రాలు ఉన్నాయి. 13వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కి చెందిన విలార్ ద ఓన్‌కూర్ తన బొమ్మల పుస్తకంలో సుత్తులు వేలాడే చక్రం గీశాడు. పక్కన పాదరసం ముచ్చట కూడా రాశాడు. హిందుస్తాన్ నుంచి ఇస్లామీ దునియా మీదుగా ఈ ఖయాల్ యూరప్ చేరిందని లిన్ వైట్ అనే చరిత్రకారుడు వాదించాడు. అంటే మన రెండు జట్లూ కొట్లాడుకుంటున్నది ఒకే విరాసత్ కోసం. అదీ పని చేయని సరుకు కోసం.

ఫఖర్ పడాలంటే నేను ఇస్మాయిల్ అల్ జజరీ పేరు చెప్తాను. ఇవాళ్టి టర్కీలోని దియార్‌బకర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో పనిచేసిన కారీగర్ ఆయన. 1206లో పూర్తి చేసిన కితాబ్‌లో 50 యంత్రాల తయారీ వివరంగా రాశాడు. స్వయంగా చేసి చూడనిదాన్ని నమ్మలేం, అది సచ్‌కీ ఝూట్‌కీ మధ్య వేలాడుతుంటుందన్నది ఆయన ముందుమాటలోని భావం. ఆయన ఏనుగు గడియారం చూడండి. ఏనుగు కడుపులో నీళ్ళ తొట్టి, అందులో అడుగున చిల్లు ఉన్న గిన్నె. గిన్నె అరగంటకి మునుగుతుంది. మునుగుతూ పైనున్న గుండుని వదిలిస్తుంది. గుండు బరువుకి పాము బొమ్మ వంగి, గిన్నెని మళ్ళీ పైకి లేపుతుంది. ఆ మునిగే గిన్నె మన ఘటికే. తెలుగులో 'గడియ' అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. గుండ్లు అయిపోతే ఒక మనిషి వాటిని మళ్ళీ పైకి చేర్చాలి. ఆ మనిషి మెహనతే గడియారాన్ని నడిపే తాఖత్. అందులో దాపరికం లేదు.

ఇక దాపరికం ఉన్న ఖిస్సాకి వద్దాం. 18వ శతాబ్దం మొదట్లో జర్మనీలో యోహాన్ బెస్లర్ అనే ఒక హునర్‌మంద్ ఉండేవాడు. తన పేరులోని ఒక్కో అక్షరాన్ని 13 స్థానాలు ముందుకి జరిపి ఓర్ఫిరేయస్ అని కొత్త పేరు పెట్టుకున్నాడు. తిరిగే చక్రాలు చేసి ఊరూరా చూపించేవాడు. 1714లో లైబ్నిట్జ్ అంతటి ఆలిమ్ కూడా వచ్చి చూశాడు. హెస్సె-కాసెల్ రాజు కార్ల్ అతన్ని చేరదీసి, తన కోటలోనే గది ఇచ్చాడు. అక్కడ బెస్లర్ దాదాపు 12 అడుగుల చక్రం నిలబెట్టాడు. లోపలి యంత్రం కనబడకుండా మైనపు గుడ్డ కప్పాడు. 1717 నవంబరులో ఆ గదికి తాళాలు వేసి సీలు వేశారు. 1718 జనవరిలో తెరిచి చూస్తే చక్రం తిరుగుతూనే ఉంది! భారీ రఖమ్ ఇస్తే రాజ్ చెప్తానన్నాడు బెస్లర్. రష్యా జార్ పీటర్ దాకా ఖబర్ వెళ్ళింది.

1721లో నెదర్లాండ్స్ నుంచి విలెమ్ స్‌ గ్రావెసాండె అనే ప్రొఫెసర్ వచ్చి ఇరుసులన్నీ తనిఖీ చేశాడు. బయటి నుంచి ఎవరూ తిప్పుతున్నట్టు కనిపించలేదని న్యూటన్‌కి ఖత్ రాశాడు. పైసా ఇవ్వకుండా తన రాజ్ కాజేయడానికి వచ్చాడని బెస్లర్ కోపంతో ఆ చక్రాన్ని పగలగొట్టేశాడు. 1727లో అతని ఇంటి నౌకరాణి బయటికి వచ్చి గవాహీ ఇచ్చింది. పక్క గదిలో నుంచి తనూ, బెస్లర్ బీవీ, అతని తమ్ముడూ వంతులవారీగా చక్రం తిప్పేవాళ్ళమని చెప్పింది. ఎవరికీ చెప్పనని తనచేత ఖసమ్ కూడా తీసుకున్నారంది.

ఈ ఖిస్సా చదివిన ప్రతిసారీ నేను ఆ నౌకరాణి దగ్గరే ఆగిపోతాను. ఆమె మాట విన్న ప్రొఫెసర్ సాబ్ ఏం చేశాడు? మిషన్ల గురించి ఒక పనిమనిషి చెప్పేదానికి విలువేముందన్నట్టు కొట్టిపారేశాడు. నిజానికి ఆమె గవాహీ మీద కూడా సవాళ్ళు వేయొచ్చు. తాళం వేసిన గదిలో అన్ని రోజులు ఎలా తిప్పారన్నది ఇప్పటికీ ముడి వీడలేదు. కానీ ఆమె మాటని పరీక్షించడం వేరు, నౌకరాణి కాబట్టి వినకపోవడం వేరు. మనలో చాలామంది ఖాన్‌దాన్‌లు చేతుల మీద బతికినవే. దూది ఏకినవాళ్ళు, మరలు బాగు చేసినవాళ్ళు, పంక్చర్లు వేసినవాళ్ళు. మిషన్ లోపల ఏముందో అందరికంటే ముందు తెలిసేది అలాంటి చేతులకే.

ఆ ప్రొఫెసర్‌ని నాదాన్ అని తీసిపారేయలేం. 1722లో ఆయన ఇత్తడి గుండ్లని వేరువేరు ఎత్తుల నుంచి మెత్తటి మట్టి మీద పడేసి గుంటలు కొలిచాడు. వేగం రెండింతలైతే గుంట నాలుగింతలయింది. కదిలే వస్తువులోని తాఖత్‌ని ఎలా లెక్కించాలో తేలడానికి ఆ గుంటలు మజ్బూత్ సుబూత్ అయ్యాయి. ఫ్రాన్స్‌లో ఎమిలీ ద్యు షాత్లే 1740లో తన గ్రంథంలో వాటిని వాదనకి వాడుకుంది. ఆగని చక్రాన్ని నమ్మిన మనిషి చేతి కొలతే, అలాంటి చక్రం అసాధ్యమని తేల్చిన ఇల్మ్‌కి ఒక పునాదిరాయి అయింది. బెస్లర్ సంగతి అడుగుతారా? 1745లో, గాలిమర కడుతూ దాని మీద నుంచి పడి చనిపోయాడు. ఇరాన్ పక్క సీస్తాన్‌లో ముసల్మాన్లు అంతకు 700 ఏళ్ళ ముందు నుంచే గాలిమరలు తిప్పుకుంటున్నారు. అక్కడ తిప్పేది గాలి. అందులో రాజ్ ఏమీ లేదు.

ఇలాంటిదే అమెరికాలో ఇంకో ఖిస్సా. 1812లో చార్లెస్ రెడ్‌హెఫర్ ఫిలడెల్ఫియాలో ఆగని మిషన్ అంటూ టికెట్ పెట్టి చూపించాడు. అక్కడ షక్ మొదలయ్యేసరికి 1813లో న్యూయార్క్ చేరాడు. స్టీమ్ పడవలతో పేరు తెచ్చుకున్న రాబర్ట్ ఫుల్టన్ చూడటానికి వెళ్ళాడు. మిషన్ చప్పుడు ఒకే తీరుగా లేదని, చేత్తో పిడి తిప్పుతుంటే వచ్చే తడబాటు అందులో ఉందని పట్టేశాడు. గోడకి కొట్టిన పలక ఊడబీకితే సన్నటి తాడు దొరికింది. దాన్ని పట్టుకుని పై గదిలోకి వెళ్తే ఒక గడ్డం ముసలాయన. ఒక చేత్తో రొట్టె ముక్క తింటూ రెండో చేత్తో పిడి తిప్పుతున్నాడు! జనం మిషన్‌ని ముక్కలు చేశారు. రెడ్‌హెఫర్ పేరు పుస్తకాల్లో మిగిలింది. ఆ ముసలాయన పేరు ఎవరూ రాసుకోలేదు. ముఫ్త్ తాఖత్ అని జనం టికెట్ కొని చూసింది ఆయన చేతి సత్తువనే.

1775లోనే పారిస్ సైన్స్ అకాడమీ ఆగని యంత్రాల దావాలు ఇకపై పరిశీలించమని తీర్మానించింది. వాటి వెంటపడి ఖాన్‌దాన్‌లు బర్బాద్ అవుతున్నాయన్నది అది చెప్పిన కారణాల్లో ఒకటి. తర్వాత 1840లలో మేయర్, జూల్, హెల్మ్‌హోల్ట్జ్ శక్తి పుట్టదు, నశించదు, రూపం మార్చుకుంటుందని నిలబెట్టారు. మన పేటెంట్ల చట్టం, 1970లో కూడా సెక్షన్ 3(ఎ) ఉంది. స్థిరపడ్డ ప్రకృతి నియమాలకి స్పష్టంగా ఎదురెళ్ళే దావాకి పేటెంట్ ఇవ్వరు. అయినా 1996లో తమిళనాడులో రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేస్తానంటే దేశమంతా నోరు తెరిచి చూసింది. 2016లో చెన్నై కోర్టు ఆయనకి మూడేళ్ళ జైలు శిక్ష వేసింది.

కొత్త ఖయాల్ చెప్పేవాళ్ళ నోరు మూయించమని నేను అనడం లేదు. షక్, తహకీఖ్ రెండూ ఇబ్న్ అల్ హైసమ్ నుంచి మనకి వచ్చిన విరాసత్. ఎవరైనా ముఫ్త్ కరెంటు మిషన్ అని పైసలు అడిగితే గుడ్డ తీసి చూపించమనండి. వాళ్ళ షెడ్డులో వద్దు, మనం చెప్పిన చోట, మన తాళం కింద, మన మీటర్ పెట్టి నడపమనండి. లోపలికి వెళ్ళేదీ బయటికి వచ్చేదీ రెండూ కొలవండి. అక్కడ పనిచేసే కుర్రాడినో, ఊడ్చే అమ్మనో కూడా ఒక మాట అడగండి. వాళ్ళు చెప్పింది ప్రొఫెసర్ సాబ్ మాటకి ఎదురుగా ఉన్నా సరే, పక్క గది తలుపు తీసి చూడండి.