బ్రాయిలర్ కోడికి తాత మన పుంజు



మేము హైదరాబాద్ పాతబస్తీలోని మొఘల్‌పురాలో ఉంటాం. ఇక్కడి నుంచి చార్మినార్‌కు నడిచి వెళ్లొచ్చు. గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా పిల్లల తిండి, చదువు, జ్వరాలు చూసుకోవడం మా పని. ఒక ఆదివారం ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని మా వీధిలోని చికెన్ షాపుకు వెళ్లాం. జాలీల నిండా తెల్ల బ్రాయిలర్లు. పక్కనే ఒక గంప కింద ఎర్ర పుంజు. పొడుగు కాళ్లు, నిటారు మెడ, వెడల్పు ఛాతీ.

"దీని ధర ఎంత భాయ్?" అని అడిగితే బ్రాయిలర్ రేటుకు రెండింతలు పైనే చెప్పాడు. "అసీల్ హై ఆపా, అసలీ మాల్" అన్నాడు.

మాతో వచ్చిన పిల్లల్లో ఒకరిది భద్రాచలం ఏజెన్సీలోని కోయగూడెం. ఆ పిల్ల గంప వైపు చూసి, "మేడం, ఇది మా ఇంటి కోడే కదా. తొందరగా పెరగదని మా అమ్మ దీన్ని సంతలో అమ్మేసి ఫారం పిల్లలు తెద్దామంటాంది. మరి ఇక్కడ దీనికే ఇంత ధరేంది?" అని అడిగింది.

ఆ రోజు షాపు ముందు నిలబడి సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఆ పిల్లతోపాటు మీరందరూ చదవాలని రాస్తున్నాం.

పేరులోనే ఉంది

అరబ్బీలో 'అస్ల్' అంటే వేరు, మూలం. మనం రోజూ వాడే 'అసలు' అనే మాట అక్కడి నుంచే వచ్చింది. 'అసీల్' కూడా ఆ మాట బిడ్డే. మంచి వంశంలో పుట్టింది, కల్తీ లేనిది అని దాని అర్థం. అసీల్ రకాలకు పుస్తకాల్లో కనిపించే పేర్లు పీలా, యాకూబ్, నూరీ, కాగర్. మన ఊళ్లలో డేగ, కాకి, నెమలి, పింగళ అని ఈకల రంగును బట్టి పిలుస్తారు.

అసీల్ ఒక్క మన సొత్తే అని చెప్పడం లేదు. నవాబులూ పెంచారు, జమీందార్లూ పెంచారు. పందేల సరదా వాళ్లది. ఆ పందేలు కోళ్లకు హింస. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వాటిని నిషేధించింది. అయితే ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో ఈ జాతి నేటికీ నిలిచి ఉందంటే, అందులో ఎక్కువ కష్టం మన తల్లులది. పొదిగే పెట్టకు గంపలో గడ్డి పరిచింది వాళ్లు. పిల్లలను గద్ద నుంచి కాచింది, పొద్దుగూకితే గూటిలో మూసింది వాళ్లే.

గోదావరి ఒడ్డున రెండు అడవి కోళ్లు

ఊరి కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవి కోడి. చార్లెస్ డార్విన్ 1868లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మాట రాశాడు. ఆ తర్వాత జన్యు పరీక్షలు కూడా ప్రధాన మూలం అదేనని తేల్చాయి. 2008లో ఇంకో సంగతి బయటపడింది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, వారితో కలిసి పనిచేసినవారు పసుపు చర్మాన్నిచ్చే జన్యువును వెతికారు. అది ఎర్ర అడవి కోడి నుంచి రాలేదు, బూడిద రంగు అడవి కోడి నుంచి వచ్చింది. ఆ బూడిద కోడి భారతదేశంలో, ముఖ్యంగా దక్షిణాదిన ఉండే పక్షి.

ఎర్ర అడవి కోడి తూర్పున గోదావరి దాకా ఉంటుంది. గోదావరికి దక్షిణాన బూడిద కోడి రాజ్యం. అంటే ఈ రెండు కోళ్ల హద్దు మన కోయల, కొండరెడ్ల అడవుల్లోంచే పోతోంది. ప్రపంచంలో ఎక్కడ పసుపు తోలు కోడి కనబడినా, దాని ఒంట్లో దక్కన్ అడవి ముక్క ఒకటి ఉందని మీరు గుర్తు చేసుకోవచ్చు.

ఓడెక్కిన పుంజు

19వ శతాబ్దం తొలి దశకాల్లో ఇంగ్లిష్ సైనికాధికారులు ఇక్కడి అసీల్ కోళ్లను తమ దేశానికి తీసుకెళ్లారు. ఇంగ్లండ్ నైరుతి మూలన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడ అసీల్‌ను మలయ్ కోడితో, ఇంగ్లిష్ పందెం కోడితో కలిపారు. అలా పుట్టిన కొత్త జాతికి 'ఇండియన్ గేమ్' అని పేరు పెట్టారు. పందెంలో అది పెద్దగా పనికి రాలేదు. కానీ దాని ఛాతీ ఎంత వెడల్పంటే, అంత మాంసం ఆ రోజుల్లో ఇంకే కోడికీ లేదు.

ఆ జాతి అమెరికా చేరింది. 20వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడివాళ్లు పేరులోంచి 'ఇండియన్' తీసేశారు. 'కార్నిష్' మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో అమెరికాలో 'చికెన్ ఆఫ్ టుమారో' అనే పోటీ మొదలైంది. తక్కువ మేతతో, తక్కువ రోజుల్లో, ఎక్కువ ఛాతీ మాంసమిచ్చే కోడిని తయారు చేయడమే పందెం. 1948 తుది పోటీలో కాలిఫోర్నియాకు చెందిన వ్యాన్‌ట్రెస్ హ్యాచరీ కోళ్లు గెలిచాయి. ఆ కోళ్ల తండ్రి వైపు కార్నిష్, తల్లి వైపు న్యూ హాంప్‌షైర్. నేటికీ బ్రాయిలర్ పరిశ్రమలో తండ్రి వరుసకు పునాది కార్నిషే. తల్లి వరుసకు పునాది వైట్ ప్లిమత్ రాక్ అనే జాతి.

హైదరాబాద్‌లో పుట్టిన బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించాక మన దేశంలో బ్రాయిలర్ ఊరూరికీ చేరింది. మొఘల్‌పురా షాపు జాలీలో ఉన్న తెల్ల కోడి, గంప కింద ఉన్న ఎర్ర పుంజు దూరపు చుట్టాలు. ఒకటి ఇంగ్లండ్, అమెరికా తిరిగి పేరు మార్చుకుని వచ్చింది. ఇంకొకటి ఇంటి దగ్గరే ఉండిపోయింది.

బరువు ఎలా పెరిగింది?

కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక మంచి ప్రయోగం చేశారు. 1957 నాటి, 1978 నాటి పాత రకాలను అలాగే కాపాడి ఉంచారు. వాటి పక్కన 2005 నాటి కంపెనీ రకాన్ని పెట్టి మూడింటికీ ఒకే మేత వేశారు. 56 రోజులకు 1957 రకం 905 గ్రాములు తూగింది. 1978 రకం 1,808 గ్రాములు, 2005 రకం 4,202 గ్రాములు. మేత ఒకటే, మారింది జన్యువులే. 2014లో ఈ లెక్క అచ్చయింది. బ్రాయిలర్‌కు సూదులేసి పెంచుతారని మన దగ్గర చాలామంది నమ్ముతారు. వాళ్లకు ఈ లెక్క చూపించండి.

బరువును నిర్ణయించే జన్యువు ఒక్కటే కాదు. ఎన్నో జన్యువులు కలిసి, ఒక్కోటి కొంచెం కొంచెంగా పనిచేస్తాయి. మీ పొడవు విషయమూ అంతే. అమ్మానాన్నల నుంచి వచ్చింది కొంత, తిన్న తిండి కొంత. ప్రతి తరంలో బాగా పెరిగిన వాటినే ఏరి జత కడితే, ఆ చిన్న చిన్న జన్యువులన్నీ ఒకచోట పోగవుతాయి. విత్తనానికి మంచి కంకులు ఏరి పక్కన పెట్టే మన పెద్దలకు తెలిసిన పద్ధతే ఇది. కంపెనీలు దానికి తూకం, లెక్కల పుస్తకం, కంప్యూటర్ జోడించాయి.

దీనికి ఖర్చు కూడా ఉంది. బ్రాయిలర్‌కు ఆకలి ఆగదు. అందుకే గుడ్ల కోసం ఉంచే తల్లికోళ్లకు మేత కొలిచి వేస్తారు, లేకపోతే లావెక్కి గుడ్లు సరిగా పెట్టవు. వేగంగా పెరిగే కోళ్లలో కాళ్ల జబ్బులు, గుండె జబ్బులు వస్తాయి. కొన్నిటి ఛాతీ మాంసం చెక్కలా గట్టిపడుతుంది. మన పెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు తక్కువే, కానీ తానే పొదుగుతుంది, తానే పిల్లలను తిప్పుకుని మేపుతుంది. కరెంటు పొదుగు యంత్రం దానికి అక్కర్లేదు.

రుచి సంగతి

కోడి కండలోని పోగుల సంఖ్య పిల్ల గుడ్డు నుంచి బయటికి వచ్చే నాటికే దాదాపు ఖాయమవుతుంది. ఆ తర్వాత పోగులు లావవుతాయి, అంతే. బ్రాయిలర్ పోగులు తొందరగా లావెక్కుతాయి. ఆరు వారాల వయసులోనే కోస్తాం కాబట్టి మాంసం మెత్తగా ఉంటుంది, పొయ్యి మీద నిమిషాల్లో ఉడుకుతుంది. నాటుకోడి కోతకు వచ్చేసరికి నెలలు నిండుతాయి. అది రోజంతా తిరుగుతుంది. దాని కండల మధ్య ఉండే కొలాజెన్ అనే బంధన పదార్థం వయసుతో గట్టిపడుతుంది. అందుకే ముక్క గట్టిగా ఉంటుంది, చాలాసేపు ఉడకాలి. ఉడికేకొద్దీ ఆ కొలాజెన్ పులుసులోకి దిగి చిక్కదనం వస్తుంది. షాపతను రెండింతల ధర అడిగింది ఆ నెలలకు, ఆ రుచికి.

బ్రాయిలర్‌ను తిట్టాలని మాకు లేదు. హాస్టల్లో పిల్లలందరి పళ్లెంలో కూర పడుతోందంటే ఆ చవక కోడి వల్లే. దేని పని దానిది.

రాజేంద్రనగర్ నుంచి గూడెం దాకా

మొఘల్‌పురాకు కొద్ది దూరంలోనే రాజేంద్రనగర్ ఉంది. అక్కడ 1988లో కేంద్ర ప్రభుత్వం కోళ్ల పరిశోధన సంస్థను పెట్టింది. పెరట్లో పెంచుకోవడానికి 'వనరాజా', 'గ్రామప్రియ' కోళ్లు అక్కడే తయారయ్యాయి. వనరాజా తండ్రి వరుస ఎర్ర కార్నిష్ మూలం నుంచి వచ్చింది. అంటే మన పుంజు రక్తం లోకమంతా తిరిగి, మళ్లీ మన పెరట్లోకే వచ్చింది. ఆ వరుసను తూకం కన్నా కాలి పొడవు చూసి ఎంపిక చేశారు. కాళ్లు పొడవుగా ఉంటే కుక్క, పిల్లి వస్తే పరుగెత్తి తప్పించుకుంటుంది. అదే సంస్థలో అసీల్‌ను కూడా ఒక వరుసగా కాపాడుతున్నారు.

వనరాజా మంచిదే, ఇంటికి గుడ్లూ మాంసమూ ఇస్తుంది. కానీ ఊళ్లోని పుంజులన్నీ అమ్మేసి వాటినే వదిలితే, కొన్ని తరాల్లో పొదిగే గుణం తగ్గిపోతుంది. మన ఎండకు, మన అడవికి అలవాటుపడ్డ జన్యువులు చెల్లాచెదురవుతాయి. పోయాక ఏ ల్యాబూ వాటిని మళ్లీ పుట్టించలేదు.

తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆంత్ర అనే సంస్థ ఆదివాసీ మహిళలతో కలిసి అసీల్‌ను నిలబెట్టే పని చేసింది. కొక్కెర తెగులుకు టీకాలు వేయించారు. 'వాటా' పద్ధతికి మళ్లీ ప్రాణం పోశారు. ఒకరు పెట్టను ఇస్తారు, ఇంకొకరు పెంచుతారు, పుట్టిన పిల్లలను పంచుకుంటారు. డబ్బు లేని ఇంటికి కూడా కోళ్లు చేరే దారి అది.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువాలో భిల్లు, భిలాలా ఆదివాసీలు పెంచే నల్ల మాంసం కోడి కడక్‌నాథ్‌కు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి పేరు ఆ కోడి పేరుతోనే నిలిచింది. అసీల్ విషయంలో రాసుకున్నవాళ్లు వేరు, పెంచినవాళ్లు వేరు. అందుకే 'ఇండియన్' పోయి 'కార్నిష్' మిగిలింది.

ఇప్పుడు మీకు చదువు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ గూడెంలో ఎన్ని రకాల కోళ్లున్నాయో, ఏ పేరుతో పిలుస్తారో, ఎన్ని గుడ్లు పెడతాయో, ఎన్ని పొదుగుతాయో అమ్మమ్మను కూర్చోబెట్టి అడగండి. నోటుబుక్‌లో రాయండి, ఆ రిజిస్టర్‌లోకి ఎక్కించండి. ఫారం పిల్లలు తెచ్చినా సరే, ఒక మంచి పుంజును, నాలుగు పెట్టలను విడిగా ఉంచమని చెప్పండి.

మాతో షాపుకు వచ్చిన ఆ పిల్ల ఈ మాటలన్నీ విని సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లింది. తిరిగి వచ్చి, "మేడం, ఎర్ర పుంజును అమ్మలేదు. అమ్మ ఉంచేసింది" అని చెప్పింది. మేము ఆ రోజు హాజరు పుస్తకం పక్కన పెట్టి, పుంజు ఎంత పొడుగుందో, పేరేంటో అడిగి రాసుకున్నాం. మా రిజిస్టర్‌లో మొదటి పేరు అదే.