పోస్టు తీసేస్తే వాక్స్వాతంత్ర్యం పోయినట్టేనా?

ఫేస్‌బుక్కో యూట్యూబో ఏదైనా తీసేసిందంటే చాలు, "నా ఫస్ట్ అమెండ్‌మెంట్ హక్కు పోయింది" అంటూ గొడవ. అమెరికాలో ఉన్న మనవాళ్ళూ ఈ మాట తెగ వాడేస్తుంటారు. 1791 నాటి ఆ సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. ప్రైవేటు కంపెనీల ఊసే అందులో లేదు.

సరే, ఇది చాలామందికి తెలిసిందే. అంతగా తెలియని కథ 1990ల్లో జరిగింది.

అప్పట్లో కంప్యూసర్వ్, ప్రాడిజీ అని రెండు ఆన్‌లైన్ సర్వీసులుండేవి. కంప్యూసర్వ్ మీద పరువునష్టం దావా పడితే, 1991లో కోర్టు కొట్టేసింది. వీళ్ళు పుస్తకాల షాపువాళ్ళ లాంటివాళ్ళు, లోపల ఏం రాసుందో చూడరు, కాబట్టి బాధ్యత లేదంది. ప్రాడిజీ మాత్రం కుటుంబమంతా చూడదగ్గట్టు ఉండాలని బూతుల్ని పట్టే సాఫ్ట్‌వేర్ పెట్టింది, బోర్డుల మీద మనుషుల్నీ పెట్టింది. 1994లో ఎవరో పేరు తెలియని ఆసామి అక్కడ స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే బ్రోకరేజి కంపెనీ మోసాలు చేస్తోందని రాశాడు. కంపెనీ 20 కోట్ల డాలర్లకి దావా వేసింది. 1995లో న్యూయార్క్ జడ్జి తేల్చిందేమిటంటే.. మీరు ఏరి తీసేస్తున్నారు కాబట్టి మీరు పత్రికవాళ్ళతో సమానం, బాధ్యత మీదే! అంటే ఇల్లు ఊడ్చినవాడికి జరిమానా, ఊడ్వనివాడికి మాఫీ. ఆ ఫిల్టర్ రాసిన ప్రోగ్రామర్ మొహం ఊహించుకోండి.

(అన్నట్టు ఆ స్ట్రాటన్ ఓక్‌మాంట్ ఎవరిదో తెలుసా? జోర్డన్ బెల్‌ఫోర్ట్‌ది. 1999లో మోసం నేరం ఒప్పుకున్నాడు. 2013లో వచ్చిన 'ద వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' సినిమా ఇతగాడిదే.)

ఈ తలకిందుల తీర్పుని సరిచెయ్యడానికే రిపబ్లికన్ క్రిస్ కాక్స్, డెమొక్రాట్ రాన్ వైడెన్ కలిసి సెక్షన్ 230 రాశారు. 1996లో చట్టమైంది. వేరేవాళ్ళు రాసినదానికి సైటుని ప్రచురణకర్తగా చూడకూడదు, అభ్యంతరకరం అనిపించినదాన్ని సదుద్దేశంతో తీసేస్తే శిక్షించకూడదు. అది రాజ్యాంగ రక్షణ ఉన్న మాటైనా సరే తీసెయ్యొచ్చని చట్టంలోనే ఉంది! కంపెనీలు ఏ పక్షమూ వహించకూడదన్న షరతు అందులో ఎక్కడా లేదు. అయినా ఉందని ఇప్పటికీ వాదిస్తుంటారు.

ప్రేగర్ యూనివర్సిటీ అనే సంస్థ యూట్యూబ్ మీద కేసు వేసి, ఇంత పెద్ద వేదిక నడివీధి లాంటిదే కదా అని వాదించి, 2020లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. 2024లో సుప్రీం కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఏది చూపించాలో ఏది తీసెయ్యాలో ఎంచుకోవడం కూడా ఒక రకం భావప్రకటనే అంది. అంటే ఫస్ట్ అమెండ్‌మెంట్ కంపెనీ పక్షానే నిలబడింది.

కారణం చెప్పకుండా ఎకౌంటు మూసేస్తే కడుపు మండదా అంటే, మండుతుంది. ఆ కోపం న్యాయమే, కాకపోతే అది కస్టమర్ కోపం. అదే ప్రభుత్వాధికారి ఒత్తిడి చేసి తీయించాడంటే మాత్రం రాజ్యాంగం అడ్డొస్తుంది. సరిగ్గా అలాంటి ఆరోపణతోనే మర్తీ కేసు 2024లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. దావా వేసే అర్హత వీళ్ళకి లేదని చెప్పి, అసలు ప్రశ్న తేల్చకుండానే పంపించేశారు.