పట్టాలున్నాయి, అతుకులే లేవు

శుక్రవారం రాత్రి అయ్యేసరికి న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో స్తంభాల మీద కొత్త కాగితాలు వెలుస్తాయి. శని ఆదివారాలు 'ఎ' రైలు 'ఎఫ్' దారిలో వెళ్తుందని, ఉత్తరం వైపు పోయే రైళ్ళు ఫలానా స్టేషన్లలో ఆగవని, అక్కడ దిగాల్సినవాళ్ళు ముందుకు పోయి ఇంకో రైల్లో వెనక్కి రావాలని వాటి సారాంశం. జనం దీన్ని అధికారుల చేతకానితనం కింద జమకడతారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ అసలు కారణం వయసు ఇప్పటి అధికారుల వయసు కంటే ఎక్కువ. ఎవరి సొరంగం ఎవరి సొరంగంతో కలవాలి, ఎవరిదానితో కలవకూడదు అని 1900కీ 1940కీ మధ్య తీసుకున్న నిర్ణయాలే ఈనాటి ప్రయాణికుణ్ణి తిప్పుతున్నాయి. ఆ నగరానికి పట్టాల కొరత ఎప్పుడూ లేదు. ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు, ఒక లైను నుంచి ఇంకో లైనుకు దాటే చోట్లకే కొరత.

1904 అక్టోబర్ 27న తెరుచుకున్న మొదటి సబ్‌వే సిటీ హాల్ దగ్గర మొదలై గ్రాండ్ సెంట్రల్ చేరి, 42వ వీధి కింద పడమరకు తిరిగి, టైమ్స్ స్క్వేర్ నుంచి బ్రాడ్‌వే వెంట 145వ వీధి దాకా సాగింది. చీఫ్ ఇంజినీరు విలియం బార్‌క్లే పార్సన్స్ అందులో చాలా భాగం నాలుగు పట్టాలతో కట్టించాడు. మధ్య రెండూ ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు, అంచున ఉన్న రెండూ లోకల్ రైళ్ళకు. పారిస్ మెట్రో, మన హైదరాబాద్ మెట్రో రోజూ రాత్రి కొన్ని గంటలు మూతపడి మరమ్మతులు చేసుకుంటాయి. న్యూయార్క్ మాత్రం ఇరవై నాలుగు గంటలూ నడుస్తూ, ఒక పట్టా మీద మనుషులు పనిచేస్తుంటే రైలును పక్క పట్టా మీదికి పంపుతుంది. నాలుగు పట్టాల వల్ల వచ్చిన సౌకర్యం ఇది. చిక్కు కూడా అక్కడే పుట్టింది. లోకల్ స్టేషన్లలో ప్లాట్‌ఫామ్‌లు అంచు పట్టాల పక్కన మాత్రమే ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ పట్టా మీదికి మళ్ళించిన రైలు అక్కడ ఆగి తలుపులు తెరిచినా కాలు మోపడానికి చోటుండదు. అందుకే ఒక్క లోకల్ పట్టా మూస్తే ఆ దిక్కున వరసగా స్టేషన్లన్నీ సేవ కోల్పోతాయి. పైగా పట్టాలు మార్చే పాయింట్లు ప్రతి స్టేషన్ దగ్గరా ఉండవు కాబట్టి, పని వంద గజాల మేర జరిగినా రైలు చాలా దూరం ముందే పట్టా మారి, చాలా దూరం దాటాక గానీ తిరిగి రాలేదు. లెక్సింగ్టన్ ఎవెన్యూ కింద 42వ వీధి దాటాక చిక్కు ఇంకా పెరుగుతుంది. అక్కడ లోకల్ పట్టాలు పై అంతస్తులో, ఎక్స్‌ప్రెస్ పట్టాలు కింది అంతస్తులో ఉన్నాయి. పట్టా మారాలంటే అంతస్తే మారాలి.

ఇదంతా ఒకే లైను లోపలి కథ. లైన్ల మధ్య కథలో భూగోళం కంటే యాజమాన్యం పాత్ర పెద్దది. మొదటి సబ్‌వేను నడిపింది ఐఆర్‌టీ అనే ప్రైవేటు కంపెనీ. 1913లో నగరం ఆ కంపెనీతోనూ, తర్వాత బీఎంటీగా మారిన బ్రూక్లిన్ కంపెనీతోనూ జంట ఒప్పందాలు చేసుకుని పెద్ద ఎత్తున విస్తరణకు దిగింది. ఐఆర్‌టీ పెట్టెల వెడల్పు దాదాపు తొమ్మిది అడుగులు. వాటి కొలతలకు మొదటి సొరంగమే హద్దు. బ్రూక్లిన్ కంపెనీకి అలాంటి బంధం లేదు కనుక పదడుగుల పెట్టెలు చేయించుకుంది. ఒక్క అడుగు తేడా నగరాన్ని శాశ్వతంగా రెండుగా చీల్చింది. ఈనాటికీ అంకెల పేర్లున్న రైళ్ళు ఒక జాతి, అక్షరాల పేర్లున్నవి ఇంకో జాతి. వెడల్పు రైలు పాత ఐఆర్‌టీ సొరంగంలో పట్టదు. సన్న రైలు వెడల్పు లైనుకు వెళ్తే ప్లాట్‌ఫామ్‌కూ తలుపుకూ మధ్య ప్రమాదకరమైన ఖాళీ మిగులుతుంది. క్వీన్స్‌బరో ప్లాజా స్టేషన్‌లో 7వ నంబరు రైలు, 'ఎన్' రైలు ఒకే ప్లాట్‌ఫామ్‌కు అటూ ఇటూ ఆగుతాయి. ఫ్లషింగ్ గణపతి ఆలయానికి సెలవు రోజుల్లో 7వ నంబరు రైల్లో వెళ్ళే తెలుగువాళ్ళు చాలామందికి అది ఎరుకే. ఆ రెండు రైళ్ళూ అంత దగ్గరగా నిలబడినా, మన్‌హాటన్ వైపు 7వ నంబరు సొరంగం మూసిన రోజు ఆ రైలు 'ఎన్' దారిలో ప్రయాణికులను ఆవలికి చేర్చలేదు. దిగి మారవలసింది మనుషులే. 1949 దాకా ఫ్లషింగ్, అస్టోరియా లైన్లను రెండు వ్యవస్థలూ ఉమ్మడిగా నడిపిన కాలంలో కూడా బీఎంటీ తన వెడల్పు పెట్టెలను అక్కడికి పంపలేక, ఎత్తు వంతెనల లైన్లకు చేసిన సన్న పెట్టెలనే తిప్పింది. ఆ తర్వాత అస్టోరియా లైను ప్లాట్‌ఫామ్‌ల అంచులు కోస్తే గానీ వెడల్పు రైళ్ళకు దారి దొరకలేదు.

మూడో వ్యవస్థ రాజకీయాల్లోంచి వచ్చింది. 1918 నుంచి 1925 దాకా మేయరుగా ఉన్న జాన్ హైలన్, ఒకప్పుడు బ్రూక్లిన్‌లో రైలు నడిపి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ప్రైవేటు కంపెనీలంటే ఆయనకు గిట్టేది కాదు. నగరమే సొంతంగా కట్టిన ఐఎన్‌డీ వ్యవస్థ ఆ పట్టుదల ఫలం. దాని మొదటి లైను ఎయిత్ ఎవెన్యూ కింద 1932 సెప్టెంబర్‌లో మొదలైంది. పాత లైన్లకు సమాంతరంగా, వాటితో పోటీ కోసం సాగిన ఈ కట్టడంలో ప్రత్యర్థి పట్టాలతో కలుపుకోవాలనే ఆలోచనకు పెద్దగా చోటు లేదు. 1940లో మూడు వ్యవస్థలూ నగరం చేతికి వచ్చాయి. యజమాని ఒక్కడయ్యాడు గానీ సొరంగాలు ఒక్కటి కాలేదు. బీఎంటీ, ఐఎన్‌డీ లైన్లను కలిపే పని 1954లో కల్వర్ లైనుతో మొదలైంది, 1967లో క్రిస్టీ స్ట్రీట్ కనెక్షన్‌తో ఒక కొలిక్కి వచ్చింది.

ఏ దారిమళ్ళింపు సాఫీగా సాగుతుందో చూస్తే ఈ చరిత్ర బరువు తెలుస్తుంది. వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్ నుంచి బ్రూక్లిన్‌లోని జే స్ట్రీట్ దాకా 'ఎ', 'సి' రైళ్ళకు ఒక నదీ సొరంగం, 'ఎఫ్'కు ఇంకొకటి ఉన్నాయి. ఒకటి మూస్తే రైళ్ళు రెండోదానిలో వెళ్తాయి. రెండు కొసల్లోనూ పట్టాలు కలుస్తాయి, ఎందుకంటే రెండూ ఐఎన్‌డీ కట్టినవే. దీనికి పూర్తి వ్యతిరేకం 'ఎల్' రైలు. బీఎంటీ వారసత్వమైన ఈ లైను మన్‌హాటన్‌లో 14వ వీధి పొడవునా లైను తర్వాత లైనును దాటుతుంది. ప్రతిచోటా మనుషులు మారవచ్చు, రైలు మాత్రం ఎక్కడా మళ్ళలేదు. మిగతా వ్యవస్థతో దాని పట్టాలు కలిసేది బ్రూక్లిన్ తూర్పు భాగంలోనే. 2012లో శాండీ తుపాను ఉప్పునీరు దాని నదీ సొరంగాన్ని పాడుచేసినప్పుడు, మరమ్మతుకు మొత్తం మూసివేయడమే మార్గమని మొదట అనుకున్నారు. 2019 జనవరిలో ఆ ఆలోచన మానుకుని, ఒక్కో పట్టా చొప్పున రాత్రుళ్ళు, శని ఆదివారాలు పనిచేసి 2020 ఏప్రిల్‌లో పూర్తిచేశారు.

అతుకు ఉన్నచోట కూడా ఖాళీ ఉండాలి. 2023 ఆగస్టు నుంచి 2024 ఏప్రిల్ 1 దాకా 63వ వీధి సొరంగంలో పట్టాలు మార్చినప్పుడు 'ఎఫ్' రైళ్ళను 'ఇ' దారికి, అంటే 53వ వీధి సొరంగానికి పంపారు. అక్కడ అప్పటికే 'ఇ', 'ఎం' రైళ్ళు నడుస్తున్నాయి. మూడూ పట్టవు కనుక 'ఎం' రైలును ఆ సొరంగంలోకి రానివ్వకుండా మన్‌హాటన్‌లోనే ఆపేశారు. పని జరిగింది ఒక సొరంగంలో, రైలు పోయింది ఇంకో లైను మీది ప్రయాణికులకు.

పాత కట్టడాన్ని నిందించి ఇప్పటి నిర్వాహకులను వదిలేయడం తగునా అని అడగవచ్చు. వదిలేయనక్కర్లేదు. ప్రకటనలు స్పష్టంగా ఉంచడం, ఒకే రోజు రెండు సమాంతర లైన్లను మూయకపోవడం వాళ్ళ బాధ్యతే. దశాబ్దాల పాటు వాయిదాపడిన మరమ్మతుల భారానికి కూడా ఈ చిక్కుల్లో పెద్ద వాటా ఉంది. అయితే ఎంత సమర్థుడైన అధికారి అయినా లేని పాయింటు మీద రైలును మళ్ళించలేడు. మిగతా నగరాల్లా రాత్రి మూసేస్తే పోదా అన్నది ఇంకో ప్రశ్న. 2020 మే నుంచి ఏడాది పాటు కోవిడ్ కారణంగా రాత్రిపూట, మొదట్లో ఒంటిగంట నుంచి ఐదు దాకా, మూశారు కూడా. కానీ నాలుగు గంటల్లో కరెంటు ఆపి, సామాను దింపి, మళ్ళీ అన్నీ సరిచూసి అప్పగించే సమయం తీసేస్తే పట్టా మార్చడానికి మిగిలేది కొంచెమే. పెద్ద పనులకు శని ఆదివారాలు ఎలాగూ కావాలి. రాత్రి షిఫ్టు చేసే ఆసుపత్రి సిబ్బంది, వంటవాళ్ళు ఆ కొంచెం కోసం రోజూ రైలు కోల్పోవాలనడం నాకు న్యాయంగా తోచదు. కొత్త పాయింట్లు వేయొచ్చు కదా అనేవాళ్ళ మాటలోనే ఎక్కువ బలం ఉంది. పాత సొరంగాల్లో పట్టాల మధ్య ఐదేసి అడుగులకో ఉక్కు స్తంభం పైనున్న వీధిని మోస్తుంటుంది. పాయింటు వేయాలంటే ఆ స్తంభాలు తొలగించి బరువును వేరే దూలాలకు ఎత్తాలి. వేసిన పాయింటుకూ నిత్యం మరమ్మతు కావాలి. ఖర్చు ఎక్కువే అయినా ఎంపిక చేసిన కొన్ని చోట్ల అది తగిన ఖర్చే.

కొత్త సొరంగానికి ఈ సాకులేవీ లేవు. 1929 నుంచి ప్రణాళికల్లో ఉన్న సెకండ్ ఎవెన్యూ సబ్‌వే మొదటి దశ 2017 జనవరి 1న తెరుచుకుంది. పట్టాలు రెండే. 72వ వీధి స్టేషన్‌లో మూడో పట్టా ఉండాలని మొదట గీసుకున్నారు, డబ్బు మిగులుతుందని తీసేశారు. రాత్రింబవళ్ళు నడిచే నగరంలో అది తప్పు నిర్ణయం.