ఉద్దానం కార్యాలయాలు, సంఖ్యల చిరునామాలు

కంచిలి, సోంపేట, కవిటి వంటి ఉద్దానం మండల కేంద్రాల్లోని చిన్న కార్యాలయాలలో నెట్‌వర్కు తరచు ఎందుకు మొరాయిస్తుందో తెలియాలంటే, అక్కడి యంత్రాలకు చిరునామాలు ఇచ్చే పద్ధతి రెండు కాలాల్లో రెండు విధాలుగా ఏర్పడి, నేటికీ ఒకే గదిలో కలిసి కొనసాగుతున్నదని గుర్తించాలి.

1981లో ఖరారైన ఇంటర్నెట్ ప్రోటోకాల్ నాలుగో రూపం ప్రకారం ప్రతి యంత్రానికీ 0 నుంచి 255 లోపు నాలుగు సంఖ్యల వరుస ఒకటి ఉండాలి. దీనినే ఐపీ అడ్రసు అంటారు. అటువంటి వరుసలు సుమారు 429 కోట్లకు మించవు గనుక, 1996లో 192.168తో మొదలయ్యేవాటిని, మరికొన్నిటిని కార్యాలయాల లోపలి వాడుకకు కేటాయించారు. కంచిలిలో ఒక గుమాస్తా కంప్యూటరుకూ పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి కంప్యూటరుకూ ఒకే అడ్రసు ఉన్నా చిక్కు రాకపోవడానికి కారణమిదే.

1998లో కార్డ్ పథకం ద్వారా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కార్యాలయాలు కంప్యూటర్ల బాట పట్టిన తరంలో ఈ అడ్రసులను ఒక్కొక్క యంత్రంలో చేత్తో నమోదు చేయడం మామూలు పద్ధతి. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చేనాటికి, అడిగిన యంత్రానికి రూటరే కొంత గడువుతో అడ్రసు ఇచ్చే డీహెచ్‌సీపీ ఏర్పాటు సర్వసాధారణమైంది. చిక్కంతా ఈ రెండూ కలిసినచోటే పుడుతుంది: పాత ప్రింటరుకు చేత్తో 192.168.1.20 అని ఇచ్చి, రూటరు పంచే వరుసల్లో ఆ సంఖ్యను మినహాయించకపోతే, అదే సంఖ్య ఏదో ఒకనాడు కొత్త కంప్యూటరుకు చేరి, ధ్రువపత్రం ఒకసారి అచ్చయి మరొకసారి ఆగిపోతుంది. పింఛను పత్రానికో, ఆదాయ ధ్రువీకరణకో పల్లె నుంచి వచ్చిన వ్యక్తి ఒక పూట కూలి పోగొట్టుకుని వెనుదిరగవలసి వస్తుంది కాబట్టి దీనిని చిన్న లోపమని కొట్టిపారేయడం సబబు కాదు.

ఉద్దానంలో నెట్‌వర్కు ఆగితే నేరం ముందుగా బయటి లైను మీదికే పోవడానికీ బలమైన కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలు కూలిపోయాయి. రాష్ట్ర ఫైబర్‌నెట్ తీగలను చాలావరకు వేలాడదీసింది ఆ స్తంభాల మీదనే. అయినా కంప్యూటరు తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకున్నదంటే, అడ్రసు కోసం అది పంపిన అభ్యర్థనకు జవాబు రాలేదని అర్థం. అప్పుడు చూడవలసినవి గదిలోని కేబులు, స్విచ్చి, రూటరులోని డీహెచ్‌సీపీ అమరిక. అడ్రసు సరిగా ఉండి, రూటరు పలుకుతూ, బయటి సైట్లు మాత్రమే తెరుచుకోనప్పుడు పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్‌ను పరీక్షించి, ఆ తరువాతనే లైను సంగతి విచారించడం సరైన క్రమం.