లాంగ్దోక్: ద్రాక్షను నాటుతూ, పెరికివేస్తూ సాగిన రెండు వేల ఏళ్ల చరిత్ర

2025 ఆగస్టు 5న దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓడ్ జిల్లా, రిబోట్ గ్రామం వద్ద చెలరేగిన కార్చిచ్చు కొద్ది రోజుల్లోనే సుమారు 16,000 హెక్టార్లను, అంటే దాదాపు 40,000 ఎకరాలను దహించివేసింది. ఒకరు ప్రాణాలు కోల్పోయారు. అనేక ఇళ్లు కాలిపోయాయి. మంటలు అంత వేగంగా వ్యాపించడానికి ఎండ, గాలులతో పాటు మరొక కారణాన్ని కూడా స్థానికులు ఎత్తిచూపారు. ఒకప్పుడు కొండల మధ్య పచ్చగా ఉండి మంటలకు అడ్డుగోడలా నిలిచిన ద్రాక్షతోటలు ఇప్పుడు అక్కడ లేవు. వాటిని పెరికివేసిన చోట ఎండిన పొదలు పెరిగాయి. లాంగ్దోక్ ప్రాంతపు చరిత్ర, ఆహారం, ఆర్థిక జీవనం అన్నీ ద్రాక్షతీగతోనే ముడిపడి ఉన్నాయనడానికి ఈ ఘటన తాజా నిదర్శనం.

ఉనికి, పేరు

లాంగ్దోక్ మధ్యధరా సముద్రతీరం వెంబడి రోన్ నదికి పడమరగా విస్తరించి ఉంది. ఉత్తరాన సెవెన్ పర్వతాలు, నల్లకొండగా పేరున్న మోంతాన్ న్వార్, దక్షిణాన కోర్బియేర్ కొండలు దీనికి హద్దులు. తీరం పొడవునా ఉప్పునీటి సరస్సులు, వాటి వెనుక మైదానం, ఆ పైన సున్నపురాతి కొండలు వరుసగా కనిపిస్తాయి. కొండలపై థైమ్, రోజ్‌మేరీ వంటి సువాసన మొక్కలతో నిండిన పొదలను గారిగ్ అంటారు. వాయవ్యం నుంచి వీచే త్రమోంతాన్ పొడిగాలి తీగలకు తెగుళ్లు సోకకుండా కాపాడుతుంది. వేసవిలో అదే గాలి కార్చిచ్చుకు ఆజ్యం పోస్తుంది.

ఈ ప్రాంతానికి పేరు వచ్చింది దాని భాష నుంచే. ఇక్కడి ఆక్సితాన్ భాషలో ‘ఓక్’ అంటే ‘అవును’. ‘అవును’ అనడానికి ‘ఓక్’ అనే మాటను వాడే వారి భాష కనుక ‘లాంగ్ దోక్’ అయింది. 1539లో విల్లే-కోత్రే రాజశాసనం న్యాయ వ్యవహారాలను ఫ్రెంచిలోనే సాగించాలని ఆదేశించింది. అనంతర కాలంలో పాఠశాలలూ ఫ్రెంచికే పట్టం కట్టాయి. ఆక్సితాన్ నేడు అంతరించే ప్రమాదమున్న భాషల జాబితాలో ఉంది. పరిపాలనాపరంగా ఈ ప్రాంతం 2016 నుంచి ఆక్సితానీ అనే పెద్ద ప్రాంతంలో భాగం.

రోమన్ల నుంచి రాజుల వరకు

రోమన్లు క్రీస్తుపూర్వం 118లో నార్బోన్ నగరాన్ని స్థాపించారు. ఇటలీని స్పెయిన్‌తో కలిపే దోమితియా రహదారి ఈ నగరం మీదుగానే సాగింది. ఇక్కడి వైన్ మట్టికూజాలలో సముద్రం దాటేది. క్రీస్తుశకం 92 ప్రాంతంలో డొమిషియన్ చక్రవర్తి రోమేతర ప్రాంతాల్లోని తోటల్లో సగం పెరికివేయాలని ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞ పూర్తిగా అమలు కాలేదు. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత ప్రోబస్ చక్రవర్తి నిషేధాన్ని తొలగించాడు. తోటల పెరికివేతపై ప్రభుత్వ ఉత్తర్వు ఈ నేలకు కొత్త కాదన్నమాట.

మధ్యయుగంలో రోమన్ చర్చి మతభ్రష్టులుగా ప్రకటించిన కాథార్లు ఈ ప్రాంతంలో బలపడ్డారు. వారిపై పోప్ ప్రకటించిన ధర్మయుద్ధంలో భాగంగా 1209 జూలైలో బెజియే నగరవాసులను మూకుమ్మడిగా ఊచకోత కోశారు. 1271 నాటికి ఈ ప్రాంతం ఫ్రెంచి రాజ్యంలో కలిసిపోయింది. జంట ప్రాకారాల కార్కసోన్ కోట ఆ యుగానికి సాక్ష్యంగా నిలిచి ఉంది.

వాణిజ్యానికి కొత్త దారి తెరిచింది మిది కాలువ. ఉప్పు పన్ను వసూలు చేసే అధికారి పియేర్-పాల్ రికే తూలూజ్ నుంచి మధ్యధరా తీరం వరకు 240 కిలోమీటర్ల కాలువను తవ్వించాడు. 1681లో అది ప్రారంభం కావడానికి కొన్ని నెలల ముందే ఆయన కన్నుమూశాడు. యునెస్కో 1996లో ఈ కాలువను, మరుసటి ఏడాది కార్కసోన్ కోటను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

పురుగు, తిరుగుబాటు

19వ శతాబ్దం మధ్యలో వచ్చిన రైలు మార్గం ఇక్కడి చౌక వైన్‌ను ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు చేరవేసింది. గోధుమ పొలాలు సైతం ద్రాక్షతోటలుగా మారాయి. ఆ సమయంలోనే అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే సూక్ష్మకీటకం వేళ్లను తొలిచి తోటలను నాశనం చేసింది. మోంపెలియేకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు జూల్ ఎమిల్ ప్లాంషో 1868లో ఈ పురుగును గుర్తించిన బృందంలో ఒకరు. ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్లపై ఫ్రెంచి తీగలను అంటుకట్టడమే చివరికి పరిష్కారమైంది.

తోటలు తిరిగి నిలదొక్కుకున్నాక సమస్య తలకిందులైంది. అధికోత్పత్తి, చక్కెర కలిపిన నకిలీ వైన్, అల్జీరియా నుంచి దిగుమతుల కారణంగా ధరలు కుప్పకూలాయి. అర్జలియే గ్రామానికి చెందిన చిన్న రైతు మార్సెలాన్ అల్బేర్ నాయకత్వంలో 1907లో మహోద్యమం లేచింది. జూన్ 9న మోంపెలియే సభకు 5 లక్షల మందికి పైగా తరలివచ్చారు. అదే నెలలో నార్బోన్‌లో సైనికుల కాల్పుల్లో ఆరుగురు మరణించారు. స్థానిక యువకులు అధికంగా ఉన్న 17వ పదాతి దళం సైనికులు కొందరు పై అధికారులను ధిక్కరించి బెజియేకు నడిచారు. జూన్ 29న కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. పంట పరిమాణాన్ని రైతులు ప్రకటించే విధానానికి అదే పునాది.

భోజనపు బల్లపై

ఇక్కడి వంటలో కొండ, మైదానం, సముద్రం మూడూ కలుస్తాయి. కాస్తెల్నోదారి పట్టణపు కాసులే ప్రసిద్ధ వంటకం. తెల్ల చిక్కుడుగింజలు, బాతు మాంసం, పంది మాంసం కలిపి కాసోల్ అనే మట్టిపాత్రలో గంటల తరబడి సన్నని సెగపై ఉడికిస్తారు. నీమ్ నగరానికి బ్రాందాద్ ప్రత్యేకం. ఉప్పు పట్టించిన కాడ్ చేపను ఆలివ్ నూనెతో మెత్తగా నూరి దీన్ని చేస్తారు. తో సరస్సులో పెంచే ఆల్చిప్పలకు సమీపంలోని పిక్‌పూల్ ద పినే తెల్ల వైన్ సహజ జోడీ.

ఎరుపు వైన్లలో కోర్బియేర్, మినర్వువా, ఫితూ పేరున్నవి. కారిన్యాన్, గ్రెనాష్, సిరా రకాల ద్రాక్షలతో వీటిని తయారుచేస్తారు. నురుగులొలికే లిమూ వైన్ మూలాలను 1531 నాటి సేంత్ ఇలేర్ మఠానికి ఆపాదిస్తారు.

మళ్లీ పెరికివేత

1976 మార్చిలో మోంరెదోన్ గ్రామం వద్ద రైతులకు, పోలీసులకు మధ్య జరిగిన కాల్పుల్లో ఒక రైతు, ఒక పోలీసు అధికారి మరణించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఐరోపా నిధులతో నాసిరకం తోటలను పెరికించారు. మిగిలిన రైతులు పరిమాణం నుంచి నాణ్యత వైపు మళ్లారు. అయినా ఫ్రాన్స్‌లో వైన్ వాడకం తగ్గుతూనే ఉంది. 2024లో ప్రభుత్వం శాశ్వతంగా తోట తొలగించే వారికి హెక్టారుకు 4,000 యూరోలు చెల్లించే పథకాన్ని తెచ్చింది.

మరోవైపు ఎండలు తీవ్రమవుతున్నాయి. 2019 జూన్ 28న ఎరో జిల్లాలోని వెరార్గ్‌లో నమోదైన 46 డిగ్రీలు ఫ్రాన్స్ చరిత్రలోనే అత్యధిక ఉష్ణోగ్రత. రోన్ నది నీటిని గొట్టాల ద్వారా పడమటి తోటలకు తరలించే ఆక్వా దొమితియా పథకం కొంత ఊరటనిస్తోంది. కానీ గొట్టం చేరని కొండ గ్రామాలకు వర్షమే దిక్కు.

గిట్టుబాటు కాని తోటను ఉంచితే రైతుకు నష్టం. తొలగిస్తే గ్రామానికి అగ్నిభయం. తీగను ఇన్నాళ్లూ వైన్ ధరతోనే లెక్కగట్టిన లాంగ్దోక్, అది ఊరికి ఇచ్చే రక్షణకు కూడా విలువ కట్టవలసిన స్థితికి చేరుకుంది.